అరచేతికి పెద్ద, ఒడికి చిన్న

పిన్ని మాట్లాడుతుంటే వినేవాళ్ళకి తాము వచ్చిన పనేమిటో గుర్తుండేది కాదు. కింద మిక్సీ జారు కోసం వచ్చినవాళ్ళు కూడా మెట్లెక్కి ఆమె కౌంటర్ ముందు నిలబడిపోయేవారు. నేను పక్క కౌంటర్‌లో కెమెరాలు అమ్మేవాణ్ణి. మా ఇద్దరి మధ్యా ఒక అద్దాల బీరువా మాత్రమే అడ్డం. అందుకని పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆమె మాటలు నా చెవిన పడుతూనే ఉండేవి. ఇప్పుడు చెప్పబోయేదంతా కొంత అలా విన్నది, కొంత తర్వాత ఆమే నాకు చెప్పింది.

మాది పెద్ద ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం. కింద ఫ్యాన్లు, దీపాలు, ఇస్త్రీ పెట్టెలు. పై అంతస్తులో ఖరీదైన సరుకు. యజమాని మొదలు వాచ్‌మన్ దాకా అందరూ ఆమెని పిన్ని అనే పిలిచేవారు. ఆ పిలుపు ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ఆమె కంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తుంటే మొదట్లో ఉడుక్కునేది, తర్వాత వదిలేసింది.

మా దగ్గరికి రాకముందు ఆమె ఒక పెద్ద ఆసుపత్రిలో టెలిఫోన్ బోర్డు దగ్గర పనిచేసింది. కంగారుగా ఫోన్ చేసినవాళ్ళని ముందు ఊపిరి తీసుకోమని, తర్వాత ఎవరితో మాట్లాడాలో కనుక్కుని కలిపేది. కొన్నేళ్ళకి ఆ బోర్డు తీసేసి, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చెప్పే యంత్రం పెట్టారు. ఆ యంత్రంలో పలికేది కూడా పిన్ని గొంతే. "నా గొంతు ఉంచుకుని నన్ను ఇంటికి పంపించారు అబ్బాయ్. ఇప్పటికీ ఆ ఆసుపత్రికి ఫోన్ చేస్తే నేనే పలుకుతాను. జీతం మాత్రం రాదు" అని నవ్వేది. ఒకసారి వాళ్ళాయన, అంటే మా అందరికీ బాబాయి, ఒంట్లో బాగాలేక అక్కడికి ఫోన్ చేస్తే భార్య గొంతు వినపడి, ఏం మాట్లాడాలో తోచక పెట్టేశాడట. బాబాయి సిటీ బస్సు డ్రైవరు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఇంట్లో మాట్లాడే వంతు తనకెప్పుడూ రాలేదనేవాడు.

పిన్ని మా కొట్లో అమ్మిన వస్తువు ఒక్కటే. అప్పటికింకా ఫోన్లంటే బొత్తాల ఫోన్లే. వాటి తెర అగ్గిపెట్టె అంత ఉండేది. ఇంటర్నెట్ చూడాలంటే ఇంట్లో కంప్యూటర్ అయినా ఉండాలి, లేదా డబ్బిచ్చి వాడుకునే సెంటర్‌కైనా వెళ్ళాలి. ఆ రెంటికీ మధ్యలో ఒకటి కావాలని ఒక కంపెనీవాళ్ళు ఈ వస్తువు తయారుచేశారు. పుస్తకంలా తెరవాలి. పై రెక్క తెర, కింది రెక్క నిండా అక్షరాల బొత్తాలు. లోపల సిమ్ వేస్తే ఎక్కడ కూర్చున్నా ఇంటర్నెట్ వచ్చేది. మెయిల్ చూసుకోవచ్చు, వార్తలు చదువుకోవచ్చు, దారి వెతుక్కోవచ్చు. ఫోన్ చేయడం మాత్రం కుదరదు. కంపెనీవాళ్ళు దానికి పెట్టిన పేరు మాలో ఎవరికీ నోరు తిరగలేదు. మూసి ఉన్నప్పుడు నల్లగా, చుట్టూ చెక్కరంగు అంచుతో అచ్చం చిన్నపిల్లల పలకలా ఉండేది కాబట్టి పలక అన్నాం. అదే స్థిరపడిపోయింది.

పలకని తయారుచేసిన బృందానికి పెద్ద ఒకాయన అప్పుడప్పుడూ మా కొట్టుకి వచ్చేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. భుజాన ఎప్పుడూ ఒక తోలు సంచీ. కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టుకుని, అది ఎక్కడ పెట్టానా అని జేబులన్నీ తడుముకునేవారు. కళ్ళజోడు సారు అనేవాళ్ళం. ఆయన వస్తే అధికారం చూపించేవారు కాదు. నా కౌంటర్ దగ్గర నిలబడి కెమెరా చూస్తున్నట్టు నటిస్తూ పిన్ని మాటలు వినేవారు.

వినాల్సినట్టే ఉండేవి ఆ మాటలు. పిన్ని వస్తువు గురించి ముందు ఒక్క ముక్కా చెప్పేది కాదు.

"మీ అమ్మాయి ఏ ఊళ్ళో ఉంటుందండీ?" అని అడిగేది. వాళ్ళు చెప్పగానే పలక తెరిచి ఆ ఊళ్ళో ఎండా వానా ఎలా ఉన్నాయో చూపించేది. "అయ్యో, అక్కడ పొద్దున్నించీ ముసురటండీ. గొడుగు పట్టుకెళ్ళిందో లేదో, ఇంటికెళ్ళాక ఓసారి అడగండి" అనేది. ఒకసారి పావురాలు పెంచే పెద్దమనిషి వస్తే ఎక్కడెక్కడి పావురాల బొమ్మలో తీసి ఆయన చేతికిచ్చింది. ఆయన అక్కడే స్టూలు మీద కూర్చుని, టీ కూడా మాతోనే తాగి, సాయంత్రానికి పలక కొనుక్కుని వెళ్ళాడు.

అలా మా కొట్లో పోయినన్ని పలకలు ఇంకెక్కడా పోలేదు. మిగతా దుకాణాల్లో పెట్టెల మీద దుమ్ము పేరుకుంటోందని కంపెనీ మనుషులే చెప్పారు. దానికి వాళ్ళు తీసిన కారణం, అక్కడివాళ్ళకి అమ్మడం చేతకాదని. పిన్ని అమ్మగలిగినప్పుడు మిగతావాళ్ళెందుకు అమ్మలేరు? ఆమెని హెడ్డాఫీసుకి పిలిపించి, తక్కిన దుకాణాల అమ్మాయిలకి పాఠాలు చెప్పించారు. ఆమె ఫొటో పెద్దది చేసి గోడకి తగిలించారు. పిన్ని తిరిగొచ్చి, "ఆ ఫొటోలో నా ముక్కు నాకంటే ముందు గదిలోకి వచ్చేలా ఉంది" అంది గానీ, మొహం చేటంత అయింది. ఇంటికి తీసుకెళ్ళమని ఆమెకో పలక బహుమతిగా కూడా ఇచ్చారు. మొదటి మోడల్ ఇంత బాగా పోతోంది కదా అని రెండో మోడల్ పని మొదలుపెట్టారు.

ఇంకో సంగతి కూడా వాళ్ళకి ధైర్యం ఇచ్చింది. మా కొట్లో మెట్ల కింద రిపేర్లు చేసే ఆయన ఒకడుండేవాడు. ఏ కొత్త వస్తువు వచ్చినా ముందు తిట్టేవాడు. అలాంటివాడు పలకని మెచ్చుకున్నాడు. "ఏం చేశారండీ వస్తువు! ఒక్కటంటే ఒక్కటి రిపేరుకి రాలేదు. ఇలాంటివి నాలుగు తయారుచేస్తే నేను అడుక్కుతినాలి" అన్నాడు. ఆ మాట చెవిన పడి కళ్ళజోడు సారు పొంగిపోయారు. వాడని వస్తువు చెడిపోదన్న ఆలోచన అప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు.

ఒక మధ్యాహ్నం, రద్దీ లేని వేళ, ఒక పెద్దావిడ మెట్లెక్కి వచ్చింది. రిటైరైన టీచరమ్మ. పలక మొదట్లో కొన్నవాళ్ళలో ఒకరు. కొన్న రోజు పిన్ని దగ్గర కూర్చుని తన పాత విద్యార్థుల పేర్లు ఒక్కొక్కటీ వెతికించుకుని, ఇద్దరు ముగ్గురు కనిపిస్తే కళ్ళు తుడుచుకుంది కూడా. అందుకని నాకు బాగా గుర్తు. పెట్టె, వైర్లు, కాగితాలు, అన్నీ మొదట ఎలా సర్ది ఇచ్చామో అలాగే సర్ది తెచ్చింది.

పిన్ని లేచి కుర్చీ జరిపింది. "ఏమైందండీ, పనిచేయట్లేదా?"

"పనిచేయకేం, బంగారంలా ఉంది. మీరు మళ్ళీ తీసుకుంటారా అని అడగడానికి వచ్చాను. తీసుకోకపోయినా పర్లేదు, ఎవరికైనా పనికొస్తే ఇవ్వండి."

"ఎందుకండీ? ఏదైనా అర్థం కాకపోతే నేను చెబుతాను కదా."

"అర్థం కాకపోవడం కాదమ్మా." టీచరమ్మ మొహమాటంగా నవ్వింది. "నువ్వు చూపించినప్పుడు ఎంత సరదాగా ఉందో! ఇంటికెళ్ళాక నువ్వు లేవుగా. రెండు రోజులు తెరిచాను. తర్వాత దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. చేతిసంచీలో వేసుకుంటే భుజం లాగుతుంది. ఇంట్లో వాడదామంటే మా అబ్బాయి కంప్యూటర్ ఉండనే ఉంది. పెద్ద తెర, నా కళ్ళకి అదే హాయి. ఫోన్‌కో ఛార్జరు, దీనికో ఛార్జరు. ఫోన్‌కో బిల్లు, దీనికో బిల్లు. పోనీ నువ్వు చెప్పు. మీ ఇంట్లో నువ్వు దాన్ని ఎక్కడ పెట్టుకుంటావు?"

చురకేద్దామని కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. పిన్ని నోరు తెరిచింది. మాట రాలేదు. ఆమె పక్కన పనిచేసినన్నాళ్ళలో ఆమెకి మాట దొరక్కపోవడం నేను చూసింది అదొక్కసారే. తర్వాత తేరుకుని, యజమానితో మాట్లాడి, టీచరమ్మ దగ్గర పలక వెనక్కి తీసుకుని, దాని బదులు ఆమెకి కావలసిన టేబుల్ ఫ్యాన్ ఇప్పించి పంపింది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే పిన్ని బట్టలు కూడా మార్చుకోకుండా తన పలక కోసం వెతికింది. తలగడ పక్కన లేదు. టీవీ దగ్గర లేదు. బాబాయి కూరగాయలు తరుగుతూ అంతా చూస్తున్నాడు.

"ఏం వెతుకుతున్నావు?"

"పలక. ఎక్కడ పెట్టారు?"

"నేనెందుకు పెడతాను? దుప్పట్ల బీరువాలో నువ్వే పెట్టావు. కింది అరలో చూడు."

నిజమే. మడతపెట్టిన రగ్గుల కింద ఉంది. బొత్తాం నొక్కితే వెలగలేదు. ఎన్నాళ్ళ క్రితం ఛార్జింగ్ అయిపోయిందో ఏమో. పిన్ని దాన్ని ఒళ్ళో పెట్టుకుని మంచం మీద కూర్చుండిపోయింది.

"రోజంతా దాని గొప్పలు చెప్పి వస్తాను కదా, ఇంట్లో నేనే ముట్టుకోలేదా?" అంది.

"రోజంతా దాంతోనే ఉంటావు, ఇంటికొచ్చాక కూడా ఎందుకనుకున్నాను" అన్నాడు బాబాయి.

"మీరైనా వాడొచ్చుగా. బస్సు ఆగినప్పుడు వార్తలు చదువుకుంటారని తెచ్చాను."

"నాలుగు రోజులు తీసుకెళ్ళాను. జేబులో పట్టదు. స్టీరింగు ముందు ఎక్కడ పెట్టినా బ్రేకు వేస్తే కిందపడుతుంది. ఒళ్ళో పెట్టుకుంటే గేరు మార్చలేను. కాసేపు బండి ఆపినప్పుడు చూద్దామంటే, ఆ ఎండ వెలుగుకి తెర మీద నా మొహమే కనిపిస్తుంది. నా మొహం నాకు తెలుసు. అందుకని మానేశాను."

"మరి నాకు చెప్పలేదే?"

బాబాయి కత్తి పక్కన పెట్టాడు. "నువ్వు అంత సంతోషంగా ఉంటే ఏం చెప్పను?" అన్నాడు.

మర్నాడు పిన్ని ఇదంతా నాకు చెప్పింది. నవ్వుతూ చెబుదామని మొదలుపెట్టింది గానీ మధ్యలో ఆగిపోయింది. "బాగా మాట్లాడతానని తెలుసు అబ్బాయ్. ఇంత బాగా మాట్లాడానని తెలియదు" అంది.

అప్పట్నుంచి, జనం పల్చబడిన వేళల్లో, పలక కొన్నవాళ్ళకి ఫోన్ చేయడం మొదలుపెట్టింది. వారంటీ కార్డుల మీద నంబర్లు ఉండేవి. ఎలాగూ టెలిఫోన్ బోర్డు దగ్గర ఆరితేరిన మనిషి. "ఏం లేదండీ, బాగున్నారో లేదో అడుగుదామని" అని మొదలుపెట్టి, మెల్లగా పలక దగ్గరికి వచ్చేది. ఎవరూ కోప్పడలేదు. అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది. అందరూ మంచి వస్తువనే అన్నారు. ఒకావిడ దాన్ని షోకేసులో గాజు బొమ్మల పక్కన పెట్టింది. ఒకరింట్లో పాప తన బొమ్మకి మంచం చేసింది, తెరిచిన రెక్క తలవైపు వస్తుందట. పావురాల పెద్దమనిషి అయితే, "ఎందుకమ్మా అబద్ధం, దాణా డబ్బా మీద మూత ఎగిరిపోకుండా పెట్టాను. బరువు సరిగ్గా సరిపోయింది" అన్నాడు. పిన్ని పకపకా నవ్వి, ఫోన్ పెట్టేశాక ఆయన వారంటీ కార్డుని బోర్లా తిప్పి పెట్టింది.

ఒక్క నంబరుకి మాత్రం ఎన్నిసార్లు చేసినా ఎత్తినట్టే ఎత్తి, మాట లేకుండా పెట్టేసేవారు. అది ఒక సెలూన్ ఆయనది. ఆయన తమ్ముడు వచ్చి కొనుక్కెళ్ళాడు. అడ్రసు దగ్గరే కాబట్టి పిన్ని, నేను ఒక సెలవు పూట వెళ్ళాం.

రెండు కుర్చీల చిన్న సెలూన్. అద్దం కింద గట్టు మీద దువ్వెనలు, పౌడరు డబ్బా, వాటి మధ్యలో తెరిచిన పలక. గొంతుకి ఆపరేషన్ అయ్యి సెలూన్ ఆయనకి మాట పోయింది. అంతకుముందు ఆయన పెద్ద మాటకారి అట. గడ్డం సగం గీసి కథ చెబుతూ ఆగిపోయేవాడని, కథ పూర్తయ్యేదాకా సగం గడ్డంతో కూర్చునేవాళ్ళమని అక్కడున్నతను చెప్పాడు. ఇప్పుడు కత్తెర కిందపెట్టి, పలక మీద రెండు వేళ్ళతో టకటకా కొట్టి, కుర్చీలో ఉన్న మనిషి వైపు తిప్పేవాడు. అక్షరాలు పెద్దవి చేసి పెట్టుకున్నాడు. రెక్క దానంతటదే నిలబడుతుంది, ఆయన చేతులు ఖాళీగా ఉంటాయి. ఫోన్ తెరలో అయితే రెండు మాటలు కూడా పట్టేవి కావు.

పిన్ని తానెవరో చెప్పింది. ఆయన చేతులు తుడుచుకుని టైపు చేసి చూపించాడు.

"ఫోన్ చేసింది మీరేనా? హలో అనలేక పెట్టేశాను. అప్పు ఎగ్గొట్టి దాక్కున్నాననుకోకండి."

ఆమె నవ్వింది. "ఇది మీకు నిజంగా పనికొస్తోందా అండీ? మొహమాటపడకుండా చెప్పండి."

ఆయన మళ్ళీ కొట్టాడు. "ఇది లేనప్పుడు జనం నా మొహం చూసి జాలిపడేవాళ్ళు. ఇప్పుడు పాత జోకులకి విసుక్కుంటున్నారు."

అక్కడ్నుంచి బయటికి వచ్చాక పిన్ని వీధి చివర వెనక్కి తిరిగి సెలూన్ వైపు చూసింది. తర్వాత అంది, "చూశావా అబ్బాయ్. ఆయనకి ఎవరూ ఏమీ చెప్పక్కర్లేకపోయింది. దాని చోటు అది వెతుక్కుంది. ఆయనలాంటివాళ్ళు ఎంతమంది ఉంటారు?"

"ఉంటారేమో. కానీ గోడౌన్‌లో ఉన్న పలకలన్నీ కొనేంతమంది ఉండరు" అన్నాను.

కళ్ళజోడు సారు ఈసారి వచ్చినప్పుడు పిన్ని ఆయన్ని పక్కనున్న టీ కొట్టుకి తీసుకెళ్ళింది. నన్నూ రమ్మంది, తోడు కావాలని. టీచరమ్మ దగ్గర్నుంచి దాణా డబ్బా దాకా ఏదీ దాచకుండా చెప్పింది. తన రగ్గుల బీరువా కూడా దాచలేదు. ఆయన టీ గ్లాసు చేత్తో తిప్పుతూ విన్నారు. అడ్డు రాలేదు, కోపం తెచ్చుకోలేదు.

"మాకూ కొంత అనుమానం ఉందండీ" అన్నారు చివరికి. "కొన్నవాళ్ళు ఎంతసేపు ఇంటర్నెట్ చూస్తున్నారో మాకు తెలుస్తుంది. మొదటి వారం బాగా చూస్తారు. తర్వాత తగ్గిపోతుంది. అలవాటు పడటానికి టైం పడుతుందిలే అనుకున్నాం. అనుకోవాలనిపించింది, అనుకున్నాం."

"మీరు వాడతారా సార్?"

ఆయన భుజాన ఉన్న సంచీ వైపు చూసుకున్నారు. "నేను రోజూ వాడతాను. చిన్నప్పట్నుంచీ నేను సంచీ మనిషిని. ఇది లేకుండా బయటికి రాను. దీనికి సరిపోయేలా కొలిచి మరీ చేశాం ఆ పలకని. అందరి భుజాలకీ సంచీ ఉంటుందనుకున్నాను. ఎవరినీ అడగలేదు." సంచీని ఒళ్ళోకి లాక్కుని, "అరచేతికి పెద్దదైపోయింది, ఒడికి చిన్నదైపోయింది" అన్నారు.

"మరి ముందే ఎందుకు ఆపలేదండీ?"

ఆయన నవ్వారు. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. "ఆపుదామని మీటింగులో అనుకున్నప్పుడల్లా మీ కొట్టు లెక్క చూపించేవాళ్ళు. ఇక్కడ పోతోంది కదా, వస్తువులో లోపం లేదు అనేవాళ్ళు. మీరు ఇంత బాగా అమ్మకపోయి ఉంటే మేం ముందే మేల్కొనేవాళ్ళం."

పిన్ని మొహం చిన్నబోయింది. ఆయన అది గమనించారు.

"అయ్యో, మిమ్మల్ని అనడం లేదండీ. మీ పని మీరు చేశారు. జనం మీ మాట కొనుక్కుంటుంటే మేము మా పలక కొంటున్నారనుకున్నాం. తేడా కనిపెట్టాల్సింది మేము."

టీ డబ్బులు ఆయనే ఇచ్చారు. వెళ్ళేటప్పుడు రెండో మోడల్ ఆపడం ఇక తన చేతుల్లో లేదని, తయారీకి అచ్చులు కూడా పోసేశారని చెప్పారు. పిన్ని ఆ రోజు నుంచి పలకని మునుపటిలా అమ్మలేదు. అడిగినవాళ్ళకి అడిగినంత చెప్పేది. అమ్మకాలు పడిపోయాయి. ఒంట్లో బాగాలేదేమో అని యజమాని ఆరా తీశాడు.

రెండో మోడల్ వచ్చింది. మొదటిదానికంటే పల్చగా ఉంది, తేలిగ్గా ఉంది. ఫోన్ లేదన్న కొరత ఉండకూడదని ఇందులో ఫోన్ కూడా పెట్టారు. ఫోన్ చేయాలంటే దాన్ని మడిచి చెవి దగ్గర పెట్టుకోవాలి. మొదటి రోజు రిపేరాయన అలా పెట్టుకుని కొట్టంతా తిరిగాడు. తలుపుచెక్క ఊడబీక్కుని దాంతో మాట్లాడుతున్నట్టు ఉంది. పిన్ని కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. సరిగ్గా అదే కాలానికి వేలితో తాకితే పనిచేసే పెద్ద తెర ఫోన్లు మా కొట్టుకే వచ్చాయి. అవి జేబులో పట్టేవి. ఫోనూ, మెయిలూ, వార్తలూ, కెమెరా కూడా అందులోనే. వాటి ముందు నా కౌంటరూ వెలవెలబోయింది, అది వేరే కథ.

పలక కౌంటర్ ఎత్తేసిన రోజు పెద్ద హడావుడి ఏమీ జరగలేదు. కంపెనీ నుంచి ఇద్దరు వచ్చి బోర్డు మరలు విప్పారు. గోడ మీద ఆ మేర రంగు కొత్తగా కనిపించింది. పిన్ని మిగిలిన పెట్టెలు వాళ్ళకి అందిస్తూ, జాగ్రత్త, అది బరువు, వేళ్ళు నలుగుతాయి అని చెబుతూ నిలబడింది. తర్వాత స్టూలు మీద కూర్చుని మంచినీళ్ళు తాగింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "ఆసుపత్రి బోర్డు తీసినప్పుడు ఏడ్చాను. అప్పుడది బాగా పనిచేస్తుండగానే తీశారు" అంది.

ఆమె చేసిన పని ఒకటే. కళ్ళజోడు సారుకి ఫోన్ చేసి సెలూన్ ఆయన సంగతి చెప్పింది. కంపెనీ పలకల తయారీ మానేశాక ఆయన పలక బ్యాటరీ పోయినా, బొత్తాం ఊడినా గతేమిటని అడిగింది. ఆయనలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమో అని, కొన్నవాళ్ళందరికీ మళ్ళీ ఫోన్లు చేసి ఇంకో ఇద్దరిని పట్టుకుంది. ఒకరు పుట్టుచెవిటి దర్జీ. ఇంకొకరు మంచం దిగలేని అమ్మాయి, ఒళ్ళో పెట్టుకుని కవితలు రాసుకునేది. సారు గోడౌన్ నుంచి ఒక పెట్టెడు పలకలు, బ్యాటరీలతో సహా, తనే కారులో వేసుకొచ్చి ఇచ్చారు. అప్పటికే ఆయన వేరే ఉద్యోగం చూసుకుంటున్నారు. పిన్ని వాటిని మూడు ఇళ్ళకీ పంచింది. రిపేరాయన ఊరికే బాగుచేసి పెట్టేవాడు. పలకలు రిపేరుకి రావడం అప్పుడే మొదలైంది.

సెలూన్ ఆయన దాన్ని చాలా ఏళ్ళు వాడాడు. చివరికి ఆయన కూడా పెద్ద తెర ఫోన్‌కే మారాడు. అది రాసినదాన్ని పైకి చదివి వినిపిస్తుందట కూడా. "కానీ దానికి టైమింగ్ తెలీదు, జోకు చెడగొడుతుంది" అని పిన్నికి మెసేజ్ పెట్టాడు. ఆమె నాకు చూపించి మురిసిపోయింది. ఆయన పలక వదిలేశాడని ఆమెకి బాధ ఏమీ కలగలేదు.

పిన్నిని యజమాని వదులుకోలేదు. వాషింగ్ మెషీన్ల దగ్గర పెట్టాడు. అంత మాటకారి చేతిలో పెడితే నెలలో అన్నీ అమ్ముడుపోతాయనుకున్నాడు. పిన్ని ఏం చేసిందంటే, ఎవరొచ్చినా మెషీన్ గురించి చెప్పకముందే, "ఇంట్లో ఎక్కడ పెడతారండీ?" అని అడగడం మొదలుపెట్టింది. నీళ్ళ కుళాయి ఎంత దూరం, తలుపు ఎంత వెడల్పు, బట్టలు ఉతికేది ఎవరు, వాళ్ళకి వంగడం కష్టమా అని ఆరాలు తీసేది. తెలియదంటే ఇంటికెళ్ళి చూసి రమ్మనేది. వెళ్ళినవాళ్ళలో కొందరు మళ్ళీ రాలేదు. ఎదురు కొట్లో కొనుక్కున్నారు.

యజమాని తల పట్టుకున్నాడు. "పిన్నీ, వచ్చిన బేరాన్ని మెట్లు దింపి పంపిస్తావా? నువ్వు ఇదివరకు ఇలా ఉండేదానివి కాదు."

"ఇదివరకు ఎలా ఉన్నానో చూశారుగా బాబూ" అంది పిన్ని.

వాళ్ళిద్దరికీ దీని మీద వాదన చాన్నాళ్ళు నడిచింది. ఆయన ఆమె మాట పూర్తిగా ఒప్పుకోలేదు, ఆమె తన పద్ధతి మార్చుకోలేదు. అమ్మకాల్లో ఆమె మళ్ళీ ఎప్పుడూ మొదటి స్థానానికి రాలేదు. మధ్యస్థంగా ఉండేది. కాకపోతే కొన్నవాళ్ళు తమ చెల్లెళ్ళనీ, వదినల్నీ వెంటబెట్టుకుని ఆమె దగ్గరికే వచ్చేవారు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం కొత్తగా పెళ్ళయిన జంట వచ్చింది. అబ్బాయి అప్పటికే అన్నిటికంటే పెద్ద మెషీన్ మీద మనసు పడ్డాడు. పిన్ని తలుపు వెడల్పు అడిగితే చేతులు చాచి, "ఇంతుంటుందండీ" అన్నాడు. భార్య ఆ చేతులు రెండూ పట్టుకుని కొంచెం దగ్గరికి జరిపింది. పిన్ని వాళ్ళని ఇంటికి పంపింది. యజమాని మెట్ల దగ్గర నిలబడి అంతా చూస్తూ పళ్ళు కొరికాడు.

మర్నాడు ఆ అమ్మాయి ఒక్కతే వచ్చింది. వాళ్ళింట్లో టేపు లేదట. తలుపు వెడల్పుకి సరిగ్గా ఒక దారం తెంపి, చుట్టి, వేలికి తొడుక్కుని తెచ్చింది. పిన్ని ఆ దారం విప్పి పెద్ద మెషీన్ ముందు సాగదీసి పట్టుకుంది. దారం ఇవతలే అయిపోయింది. పక్కదాని ముందు పట్టుకుంది. అదీ కుదరలేదు. చివర్న గోడవైపు పెట్టిన చిన్నదాని దగ్గరికి వెళ్ళి ఇద్దరూ నేల మీద కూర్చుని దారానికి చెరో కొస పట్టుకుని కొలిచారు. అది సరిపోయింది, ఇంకా నాలుగు వేళ్ళ చోటు మిగిలింది.

"ఇది పడుతుంది. కానీ పెద్ద దుప్పట్లు రెండు కలిపి వేయలేవు, ఒక్కొక్కటే వేసుకోవాలి. ఆలోచించుకో" అంది పిన్ని.

ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి, "మాకున్నది ఒక్క దుప్పటేనండీ" అంది.

పిన్ని మోకాలు పట్టుకుని లేచి, బిల్లు రాయమని కిందికి కేక వేసింది.